అతకని ముక్కలే ఆనవాళ్లు

1980లలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో హేగ్ కజాజియన్ బృందం హిమోఫీలియా-ఎ రోగుల డీఎన్ఏని ఒక్కొక్కరిదే తీసి పరీక్షిస్తోంది. గాయమైతే నెత్తురు గడ్డకట్టని జబ్బు అది. ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న ఫ్యాక్టర్ 8 అనే జన్యువు చెడితే వస్తుంది. ఎలా చెడింది అన్నదే వాళ్ల ప్రశ్న. ఒక రోగిలో అక్షరం మారి ఉంటుంది, ఇంకొకరిలో జన్యువు ముక్క ఊడిపోయి ఉంటుంది. బంధుత్వం లేని 240 మంది రోగులను చూస్తే, ఇద్దరి దగ్గర మాత్రం లెక్క తిరగబడింది. వాళ్ల జన్యువు తగ్గలేదు, పెరిగింది. ఒకరిలో 3,800, మరొకరిలో 2,300 అక్షరాల కొత్త డీఎన్ఏ ఎక్కణ్ణుంచో వచ్చి 14వ ఎక్సాన్‌లో, అంటే జన్యువులో ప్రోటీన్‌కి పనికొచ్చే ఒక భాగంలో, దూరి కూర్చుంది. (అక్షరాలంటే ఎ, సి, జి, టి అనే నాలుగు బేస్‌లు. ఈ అధ్యాయమంతా అక్షరాలనే అంటాను.)

వచ్చి కూర్చున్నది లైన్-1 అనే చలన డీఎన్ఏ. 1988లో నేచర్ పత్రికలో ఈ సంగతి అచ్చయింది. డీఎన్ఏలో కొన్ని ముక్కలు చోటు మారతాయని బార్బరా మెక్‌క్లింటాక్ 1940లలోనే మొక్కజొన్న గింజల రంగులు చూసి చెప్పారు. ఆ మాటని శాస్త్రలోకం ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది, నోబెల్ 1983లో గాని రాలేదు. అయినా మొక్కజొన్న సంగతి వేరు, మన సంగతి వేరు అనుకునే వీలు అప్పటికీ మిగిలే ఉంది. ఆ ఇద్దరు రోగులతో ఆ వీలు పోయింది. మనిషి ఒంట్లో కూడా ఈ ముక్కలు ఇప్పటికీ కదులుతున్నాయి, కదిలి జబ్బు చేస్తున్నాయి. ఆ రోగుల్లో దూరిన రెండు ముక్కల్లో ఒకదానికి మూలమైన ప్రతి 22వ క్రోమోజోమ్ మీద ఉన్నట్టు 1991లో తేలింది. అంటే ఎక్కణ్ణుంచి బయల్దేరి ఎక్కడ దిగిందో రెండు చిరునామాలూ దొరికాయన్నమాట.

ఇవి ఎన్నున్నాయో చెబితే మొదటిసారి వినేవాళ్లు నమ్మరు. 2001లో మానవ జీనోమ్ ముసాయిదా వచ్చినప్పుడు, అందులో దాదాపు 45 శాతం చలన డీఎన్ఏ గాని దాని అవశేషాలు గాని అని లెక్కతేలింది. ప్రోటీన్లు తయారుచేసే భాగం 2 శాతం కూడా లేదు. లైన్-1 ప్రతులు సుమారు 5 లక్షలు, జీనోమ్‌లో 17 శాతం. అలూ అనేవి చిన్నవి, ఒక్కోటి 300 అక్షరాలే, కాని 10 లక్షలకు పైగా ఉన్నాయి. ఎస్‌వీఏ అనే మూడో రకం వయసులో చిన్నది, ప్రతులు కొన్ని వేలు మాత్రమే. వీటిలో దాదాపు అన్నీ చచ్చిన సరుకే. లక్షల ఏళ్ల మార్పులతో చెడిపోయి, ఉన్నచోటనే పడున్నాయి. ఒక మనిషిలో ఇంకా కదలగల లైన్-1 ప్రతులు 80 నుంచి 100 దాకా ఉంటాయి. వాటిలోనూ చురుకైనవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అలూలకు, ఎస్‌వీఏలకు సొంత యంత్రాంగం లేదు, లైన్-1 తయారుచేసిన ప్రోటీన్లను వాడుకుని కదులుతాయి.

ఆ కదిలే పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే పట్టుకునే పద్ధతులన్నీ దీని మీదే నిలబడ్డాయి. లైన్-1 ఉన్నచోటునుంచి లేచి వెళ్లదు. ముందు తన ఆర్‌ఎన్‌ఏ నకలు తీయిస్తుంది. ఆ నకలు చివర ఎ అక్షరాలు వరసగా పదుల కొద్దీ ఉంటాయి. లైన్-1 ప్రోటీన్ జీనోమ్‌లో తనకు నచ్చిన చోటు వెతుకుతుంది. నాలుగు టిలు, వాటి పక్కన రెండు ఎలు ఉన్న చోటన్నా, దానికి దగ్గరగా ఉన్నదన్నా దానికి ఇష్టం. టిలకీ ఎలకీ మధ్యన డీఎన్ఏ రెండు పోగుల్లో ఒకదాన్ని తెంపుతుంది. తెగిన పోగు చివరి టిలు ఆర్‌ఎన్‌ఏ తోకలోని ఎలతో జతకడతాయి. అక్కణ్ణుంచి ఆర్‌ఎన్‌ఏని వెనక్కి చదువుతూ డీఎన్ఏ రాసుకుపోతుంది. రెండో పోగు సరిగ్గా ఎదురుగా తెగదు, కాస్త పక్కకి తెగుతుంది. ఆ ఖాళీలు పూడ్చేసరికి మధ్యలో ఉన్న 7 నుంచి 20 అక్షరాల దాకా రెండుసార్లు వస్తాయి, చొరబడిన ముక్కకి ఒకటి ఇటు, ఒకటి అటు. ఇంకో సంగతి: రాత తోకవైపు నుంచి మొదలవుతుంది కాబట్టి, మధ్యలో ఆగిపోతే తల పోతుంది, తోక మిగులుతుంది. పూర్తి లైన్-1 పొడవు 6,000 అక్షరాలైతే, కజాజియన్ రోగుల్లో దూరినవి అంతకన్నా పొట్టిగా ఉండడానికి కారణం ఇదే.

కాబట్టి అసలైన చొరబాటుకి మూడు గుర్తులు: చివర ఎల తోక, రెండు పక్కలా జంటగా వచ్చిన ఒకే అక్షరాల వరస, తెగినచోట టిలూ ఎలూ. ఈ మూడూ కలిసి కనిపిస్తే అది లైన్-1 యంత్రాంగం పనే. పరిశోధకులు ఒక చొరబాటుని నిజమని ఒప్పుకోవడానికి ఇప్పటికీ వీటినే అడుగుతారు.

గుర్తులు ఇంత స్పష్టంగా ఉంటే పట్టుకోవడం ఎందుకంత కష్టమైంది? కష్టం సీక్వెన్సింగ్ చేసే తీరులో ఉంది. ఇవాళ ఎక్కువగా వాడే యంత్రాలు 300 కోట్ల అక్షరాల జీనోమ్‌ని ఒక చివరి నుంచి ఇంకో చివరికి చదవవు. డీఎన్ఏని నాలుగైదు వందల అక్షరాల ముక్కలుగా నరికి, ప్రతి ముక్క రెండు కొసలనూ 150 అక్షరాల చొప్పున చదువుతాయి. ఇలా చదివిన ఒక్కో వరసని రీడ్ అంటారు. ఒక మనిషికి ఇలాంటి రీడ్లు కోట్ల కొద్దీ వస్తాయి. వాటిని రిఫరెన్స్ జీనోమ్ అనే ప్రామాణిక ప్రతితో పోల్చి, ఏది ఎక్కడిదో కంప్యూటర్ సర్దుతుంది. రీడ్ ఎక్కడా కానరాని వరస అయితే చోటు దొరకదు. లక్ష చోట్ల ఉన్న వరస అయితే చోట్లు మరీ ఎక్కువై ఏదీ నిక్కచ్చిగా చెప్పలేదు.

భాగవతం పుస్తకంలో ఎవరో ఒక రామకోటి కాగితం కలిపి కుట్టారనుకోండి. పక్కనే నిండుగా రాసిన రామకోటి పుస్తకాలు వందలున్నాయి. అన్నిటినీ కలిపి వేలెడంత పీలికలుగా కత్తిరించి కుప్ప పోశారు. ఆ కాగితం భాగవతంలో ఏ పుటల మధ్య ఉండేదో ఇప్పుడు చెప్పాలి. రామనామం మాత్రమే ఉన్న పీలిక ఏ పుస్తకానిదైనా కావచ్చు, అది ఏమీ చెప్పదు. పద్యం మాత్రమే ఉన్న పీలిక దాని చోటుకి అది వెళ్లిపోతుంది, అదీ ఏమీ చెప్పదు. సగం పద్యం, సగం రామనామం ఉన్న పీలిక దొరికితే, అదొక్కటే చాలు.

చలన డీఎన్ఏ కోసం రాసిన ప్రోగ్రాములన్నీ ఆ రకం పీలికల వేటే. వాటికి రెండు రకాల ఆధారాలు కావాలి. మొదటిది జంట తప్పిన రీడ్లు: ఒక ముక్క రెండు కొసల్లో ఒకటి 4వ క్రోమోజోమ్‌లో ఒకే ఒక్క చోట చక్కగా కూర్చుంటుంది, నాలుగు వందల అక్షరాల దూరంలో ఉండాల్సిన దాని జత మాత్రం ఎక్కడెక్కడి అలూలతోనో కలుస్తుంది. రెండోది తెగిన రీడ్లు: ఒకే రీడ్‌లో మొదటి 90 అక్షరాలు రిఫరెన్స్‌తో అచ్చంగా సరిపోతాయి, మిగతా 60 ఒక్కటీ సరిపోవు. తెర మీద ఇలాంటి చోటు చూస్తే మరిచిపోలేం. ఎడమ నుంచి వచ్చే రీడ్లు అన్నీ ఒకే అక్షరం దగ్గర సరిపోవడం మానేస్తాయి, కుడి నుంచి వచ్చేవి దానికి పది పదిహేను అక్షరాల ఇవతల మానేస్తాయి. ఆ మధ్యనున్న చిన్న వరస రెండు వైపుల రీడ్లలోనూ ఉంటుంది. చొరబాటు జంటగా మిగిల్చిన అక్షరాలు అవే. సరిపోని భాగాల్లో ఒక పక్క ఎ-ఎ-ఎ-ఎ అని బారుగా కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

ఈ రీడ్లు మొదటి నుంచీ ఉన్నాయి. ఒక అక్షరం మార్పుల కోసమే వెతికే ప్రోగ్రాములు వీటిని నాణ్యత లేనివని పక్కన పడేశాయి, లేదా సరిపోని కొసని కత్తిరించి మిగతాది వాడుకున్నాయి. చెత్తని పోగేసినదాంట్లోనే సాక్ష్యం ఉందని గుర్తించడం ఈ రంగంలో నాకు అన్నిటికన్నా గొప్ప విషయంగా తోస్తుంది. కొత్త యంత్రం అక్కర్లేకపోయింది, ఉన్న సమాచారాన్ని ఇంకో కంటితో చూడడం కావలసి వచ్చింది. మెల్ట్, మాబ్‌స్టర్, ఎక్స్‌టీ వంటి ప్రోగ్రాములు ఆ పని చేస్తాయి.

అయితే దొరికినదల్లా నిజం కాదు. సీక్వెన్సింగ్‌కి ముందు డీఎన్ఏని చాలాసార్లు నకళ్లు తీసేటప్పుడు, సంబంధం లేని రెండు ముక్కలు అతుక్కుపోవడం ఉంది. అలాంటి అతుకు రీడ్ కూడా చూడడానికి చొరబాటులాగే ఉంటుంది. ఒకే కణంలోని డీఎన్ఏని పెంచి చదివేటప్పుడు ఈ బెడద మరీ ఎక్కువ. మెదడు కణాల విషయంలో దీనివల్ల పెద్ద వివాదమే నడిచింది. 2015లో ఆస్ట్రేలియా బృందమొకటి మెదడులోని హిప్పోకాంపస్‌లో ఒక్కో నాడీకణంలో సగటున 13.7 కొత్త లైన్-1 చొరబాట్లు ఉన్నాయంది. మరుసటి ఏడాది బోస్టన్ పరిశోధకులు అదే సమాచారాన్ని తిరగవేసి, అందులో చాలావరకు అతుకు రీడ్లేనని, అసలు సంఖ్య కణానికి సుమారు 0.2 అని చూపించారు. పదుల రెట్ల తేడా! ఎల తోక ఉందా, అక్షరాలు జంటగా వచ్చాయా అని అడగకపోతే ఎంత దూరం పోతామో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు. నా మటుకు నేను బోస్టన్ వాళ్ల వాదమే బలమైనదని అనుకుంటున్నాను.

మనిషికీ మనిషికీ మధ్య ఈ తేడాలు ఎన్ని అన్నదానికి పెద్ద ఎత్తున జవాబు 1000 జీనోమ్స్ ప్రాజెక్టు ఇచ్చింది. 26 జనసమూహాల నుంచి 2,504 మంది జీనోమ్‌లు చదివి 2015లో ఫలితాలు ప్రకటించారు. రిఫరెన్స్‌లో లేని చొరబాట్లు 16 వేలకు పైగా దొరికాయి. అందులో అలూలే 12 వేలు దాటాయి. ఒక సాధారణ వ్యక్తిని తీసుకుంటే రిఫరెన్స్‌లో లేని అలూలు సుమారు 915, లైన్-1లు 128, ఎస్‌వీఏలు 51. ఒక్కొక్కరి జీనోమ్‌నీ సగటున ఏడెనిమిది సార్లు మాత్రమే చదివారు కనక ఒకరి దగ్గర ఆధారం పలచగా ఉండేది. అదే చోట వేరే పదిమందిలో కూడా రీడ్లు తెగితే ఆ పలచని ఆధారాలన్నీ కలిసి గట్టిపడేవి. జనం ఎక్కువైనకొద్దీ ఒక్కొక్కరి గురించీ ఎక్కువ తెలిసింది.

ఆ 26 సమూహాల్లో ఒకటి మనది. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు 102 మంది తమ డీఎన్ఏ ఇచ్చారు. ఐటీయూ అనే మూడక్షరాల గుర్తుతో వాళ్ల సమాచారం ప్రపంచమంతటికీ అందుబాటులో ఉంది, పేర్లూ ఊర్లూ లేకుండా. గుంటూరులోనో వరంగల్‌లోనో ఎమ్మెస్సీ చదివే విద్యార్థి ఈ రోజు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రీడ్లను ఉచితంగా దించుకుని, తెగిన రీడ్లను తన కళ్లతో చూడవచ్చు. ఇంత సామగ్రి చేతికందుతున్నప్పుడు మన కాలేజీల్లో జన్యుశాస్త్రం ఇంకా బొమ్మల మీదే ఆగిపోనక్కర్లేదు.

తెలుగువాళ్లకు ఈ కథలో ఇంకో పాత బంధం కూడా ఉంది. 2001లో జీనోమ్ రీసెర్చ్ అనే పత్రికలో మైకేల్ బాంషాద్, లిన్ జోర్డ్ తదితరులు, ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి ఒక పత్రం అచ్చువేశారు. విశాఖపట్నం జిల్లాలో ఎనిమిది కులాలకు చెందిన మగవాళ్ల డీఎన్ఏ అందులో ఆధారం. వాళ్లు చూసిన గుర్తుల్లో 39 అలూలు, ఒక లైన్-1 ఉన్నాయి. ఆ పత్రం చెప్పిన చారిత్రక నిర్ధారణల మీద వాదోపవాదాలు జరిగాయి, వాటి జోలికి ఇక్కడ పోను. అలూలనే ఎందుకు ఎంచుకున్నారన్నది మాత్రం ఆలోచించదగ్గది. ఒక అక్షరం మారితే అది మళ్లీ వెనక్కి మారవచ్చు, ఇద్దరిలో వేర్వేరుగా అదే మార్పు రావచ్చు. అలూ అలా కాదు. ఒకసారి ఒక అక్షరం దగ్గర దూరితే శుభ్రంగా ఊడిరావడం దాదాపు ఉండదు. ఇంకెవరిలోనో సరిగ్గా అదే అక్షరం దగ్గర ఇంకో అలూ దూరడం అరుదులోకెల్లా అరుదు. కాబట్టి ఇద్దరిలో ఒకే చోట ఒకే అలూ ఉంటే, అది ఇద్దరికీ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినట్టే లెక్క. లేకపోవడం పాత స్థితి, ఉండడం కొత్త స్థితి. ఇంత తేటగా దిశ చెప్పే గుర్తులు జీనోమ్‌లో తక్కువ. అప్పట్లో ఒక్కో అలూ చోటుకి పీసీఆర్ అనే పద్ధతితో నకళ్లు తీసి, జెల్ మీద 300 అక్షరాలు ఎక్కువున్న పట్టీ కనిపిస్తుందా లేదా అని చూసేవారు. నలభై గుర్తులకి అంత చాకిరీ. ఇప్పుడు ఒక్క సీక్వెన్సింగ్‌లో వేల గుర్తులు వస్తాయి.

ఇక్కడ రిఫరెన్స్ జీనోమ్ చేసే గందరగోళం ఒకటి చెప్పాలి. ఆ ప్రామాణిక ప్రతి కూడా కొందరు మనుషుల డీఎన్ఏతో తయారైనదే. వాళ్లలో ఉండి ఇతరుల్లో లేని అలూలు అందులో ఉన్నాయి. ఆ అలూ లేని మనిషిని సీక్వెన్స్ చేస్తే రిపోర్టులో 300 అక్షరాలు లోపించాయని వస్తుంది. నిజానికి ఆ మనిషిలో ఏదీ పోలేదు, దూరనే లేదు. ఇలాంటి వరసని లోపమని రాయడం తప్పు. చుట్టుపక్కల ఎల తోక ఉందేమో చూసి సరైన పేరుతో రాసే ప్రోగ్రాములనే వాడాలి.

చొరబాట్లలో ఎక్కువశాతం ఎవరికీ ఏ కీడూ చేయవు. జన్యువుల మధ్య ఖాళీల్లో పడి ఉంటాయి. కాని కొత్తవి పుడుతూనే ఉన్నాయి: అలూ కొత్తగా దూరడం సుమారు 40 కాన్పులకు ఒకసారి, లైన్-1, ఎస్‌వీఏలు ఒక్కోటి 60 పైచిలుకు కాన్పులకు ఒకసారి. ఏ వెయ్యిలోనో ఒకటి పడరాని చోట పడుతుంది. కజాజియన్ తర్వాత ఇలాంటి జబ్బు కేసులు 120కి పైగా నమోదయ్యాయి. జపాన్‌లో కనిపించే ఫుకుయామా కండరాల జబ్బుకు కారణం ఫుకుటిన్ జన్యువులో దూరిన ఎస్‌వీఏ. ఒక పెద్దపేగు క్యాన్సర్ రోగి కణితిలో ఏపీసీ జన్యువుని లైన్-1 చెడగొట్టినట్టు 1992లోనే చూశారు.

వీటన్నిటిలో నన్ను కదిలించింది అమెరికాలోని కొలరాడోకి చెందిన ఒక చిన్నపాప కథ. మూడేళ్లు వచ్చేదాకా బాగా ఎదిగిన పిల్ల, తర్వాత చూపు, మాట, నడక ఒక్కొక్కటే కోల్పోయింది. బ్యాటెన్ వ్యాధి అన్నారు. దానికి ఎంఎఫ్‌ఎస్‌డీ8 అనే జన్యువు రెండు ప్రతులూ చెడాలి, తండ్రివైపు నుంచి ఒకటీ తల్లివైపు నుంచి ఒకటీ. తండ్రివైపుది దొరికింది. తల్లివైపుది ఎంత వెతికినా దొరకలేదు. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో తిమోతీ యూ బృందం పాప జీనోమ్ మొత్తం సీక్వెన్స్ చేసి, ఆ జన్యువు మీద రీడ్లను జాగ్రత్తగా పరిశీలించింది. 6వ ఇంట్రాన్‌లో, అంటే ప్రోటీన్‌కి పనికిరాదని పక్కన పెట్టే భాగంలో, కొన్ని రీడ్లు ఒకేచోట తెగి ఉన్నాయి. అక్కడ 2,000 అక్షరాల ఎస్‌వీఏ దూరి ఉంది. ఆ చొరబాటు వల్ల కణం జన్యువుని తప్పుగా అతుకుతోంది. మామూలు పరీక్షలు ఎక్సాన్లనే చదువుతాయి కాబట్టి ఇది వాటికి ఎన్నటికీ కనపడేది కాదు.

తప్పు ఎక్కడుందో కచ్చితంగా తెలిసింది కనక మందు కూడా ఆ చోటుకే తయారుచేశారు. 22 అక్షరాల చిన్న వరస అది. తప్పు అతుకుని కప్పేస్తుంది. ఒకే ఒక్క రోగి కోసం తయారైన ఆ మందుకు పాప పేరు మీదుగా మిలాసెన్ అని పేరు పెట్టారు. 2018 జనవరిలో ఇవ్వడం మొదలుపెట్టారు. ఫిట్స్ తగ్గాయి, వచ్చినా కొద్దిసేపే ఉండేవి. అయితే అప్పటికే జబ్బు చాలా ముదిరింది. 2021 ఫిబ్రవరిలో పాప పదేళ్ల వయసులో చనిపోయింది. మందు ఆలస్యమైంది, ఎందుకంటే రోగనిర్ధారణ ఆలస్యమైంది.

ఒక పాప కథ చూసి ప్రతి అంతుపట్టని జబ్బుకీ చలన డీఎన్ఏనే కారణమనుకోకూడదు. బ్రిటన్‌లో ఎదుగుదల లోపాలున్న పిల్లల కుటుంబాలు 9,738 ఇలా వెతికితే జబ్బుకు కారణమనిపించిన కొత్త చొరబాట్లు నాలుగే దొరికాయి. పదివేలకి నాలుగంటే చాలా తక్కువ. అయితే అది ఎక్సాన్లు మాత్రమే చదివిన లెక్క, పైన చెప్పిన పాప లాంటి కేసు అందులో పడదు. పైగా ఆ నలుగురికీ జవాబు దొరికింది. అందుకోసం వాళ్ల నుంచి మళ్లీ రక్తం తీయలేదు, ఉన్న రీడ్లనే ఇంకోసారి చదివారు.

15 నుంచి 20 వేల అక్షరాలు ఒకే బిగిన చదివే యంత్రాలు కూడా ఇప్పుడు వాడుకలోకి వచ్చాయి. 6,000 అక్షరాల లైన్-1 వాటి రీడ్లో అటు పద్యంతోనూ ఇటు పద్యంతోనూ సహా పూర్తిగా ఇముడుతుంది, ఊహించే పని ఉండదు. 2022లో మొదటిసారి సందులు లేని మానవ జీనోమ్ పూర్తయిందంటే ఇలాంటి పొడుగు రీడ్ల వల్లనే. ధర దిగితే ఆస్పత్రులకూ అవే వస్తాయి. అందాకా చిన్న రీడ్లతోనే పని.

మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్ల ఇంట్లోనో పిల్లలకు జన్యుపరీక్ష చేయించి, ఏమీ దొరకలేదన్న రిపోర్టు చేతిలో పట్టుకుని ఉన్నవాళ్లుంటే ఒక మాట. ఆ రిపోర్టు అడిగిన ప్రశ్నలకే జవాబు. చలన డీఎన్ఏ చొరబాట్ల కోసం చూశారా అని మీ జన్యువైద్యుణ్ణి అడగండి, చూడకపోతే అదే సమాచారాన్ని మళ్లీ పరిశీలించమనండి. ల్యాబ్ నుంచి పీడీఎఫ్ రిపోర్టుతో సరిపెట్టుకోకుండా మొత్తం రీడ్లున్న ముడి ఫైళ్లు అడిగి తీసుకుని భద్రంగా దాచుకోండి. డబ్బు కట్టి చదివించుకున్న సమాచారం అది, మళ్లీ వెతకాలంటే ముందు అది మీ దగ్గర ఉండాలి.